నాలుగు ప్రశ్నలకు ఒక తీర్పు

2019 అక్టోబరులో పిడుగు పడి అంటుకున్న గాస్పర్స్ మౌంటెన్ కార్చిచ్చు, ఆస్ట్రేలియాలో సిడ్నీకి వాయవ్యంగా ఉన్న అడవుల్లో అయిదు లక్షల హెక్టార్లకు పైగా బుగ్గి చేసింది. సిడ్నీని పొగ కమ్మేసింది. టీవీ పెట్టినా, ఫోను తీసినా అవే దృశ్యాలు. 2020 జనవరి 3న హాస్యనటి సెలెస్ట్ బార్బర్ ఫేస్‌బుక్‌లో విరాళాలు అడిగారు. ఆమె మొదట పెట్టుకున్న లక్ష్యం 30 వేల డాలర్లు. వచ్చింది 5 కోట్ల 10 లక్షల డాలర్లకు పైనే!

చిక్కు అక్కడే మొదలైంది. ఇతర రాష్ట్రాలకూ, మృతుల కుటుంబాలకూ, వన్యప్రాణులకూ ఇస్తామని ఆమె చెప్పారు. పేజీలో మాత్రం డబ్బు చేరే చోటు ఒక్కటే: న్యూ సౌత్ వేల్స్ రూరల్ ఫైర్ సర్వీస్ విరాళాల నిధి. ఏం చేయాలో తేల్చమంటూ ఆ నిధి ధర్మకర్తలు న్యూ సౌత్ వేల్స్ సుప్రీంకోర్టుకు వెళ్లారు.

మే 25న జస్టిస్ మైకేల్ స్లాటరీ ఇచ్చిన తీర్పులోని పనితనం మెచ్చుకోదగ్గది. వ్యవహారమంతటినీ నాలుగు ప్రశ్నల్లో ఇమిడ్చారు. ఇతర సంస్థల ద్వారా బాధితులకూ జంతువులకూ ఇవ్వవచ్చా? కుదరదు. గాయపడిన అగ్నిమాపక వలంటీర్లకు, చనిపోయినవారి కుటుంబాలకు నిధి పెట్టవచ్చా? పెట్టవచ్చు. వలంటీర్లకు మానసిక ఆరోగ్య శిక్షణ, కౌన్సెలింగ్ ఇప్పించవచ్చా? ఇప్పించవచ్చు. నైపుణ్యం పెంచే కోర్సుల ఖర్చు భరించవచ్చా? భరించవచ్చు.

అన్నిటికీ ఆధారం ట్రస్టు పత్రంలోని ఒక్క వాక్యమే. అందులో మంటలార్పే పరికరాలు ఉన్నాయి, శిక్షణ ఉంది, వనరులున్నాయి. బాధితుల మాట లేదు. లక్షల మంది దాతల మనసు అటే లాగుతున్నా, న్యాయమూర్తి లేని మాటను చేర్చలేదు. ఉన్న మాటలను ఎంత దూరం సాగదీయవచ్చో అంత దూరమూ సాగదీశారు. కాదన్నదానికీ అవునన్నదానికీ కారణాలు రాసి, ఎవరైనా చదువుకునేలా అందరి ముందూ పెట్టారు.

మన దగ్గర చూస్తే, 1977 దివిసీమ ఉప్పెన తర్వాత ఈనాడు పాఠకుల విరాళాలతో పాలకాయతిప్పలో ఇళ్లు లేచాయి. ఇచ్చినవాళ్లు వెళ్లి కళ్లారా చూడగలిగేవి అవి. ప్రచారం డబ్బు తెస్తుంది; లెక్క బయట పెడితేనే నమ్మకం నిలుస్తుంది. ఈసారి విపత్తు వార్త చూసి చేయి జేబులోకి వెళ్లినప్పుడు, డబ్బు ఎవరి పేరున జమవుతుందో, ఆ నిధి దేనికి పుట్టిందో ఒక్కసారి చదవండి. ఆ తర్వాత ధారాళంగా ఇవ్వండి.