వరంగల్ అంటే ఏ వరంగల్?

డేటాబేస్ టూల్స్‌ని ఎలా వాడాలో వివరించే పత్రాలు రాయడం నా పని. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ ఓ సంగతి తెలుసు, పైకి అనరు: మనం రాసింది ఎవరూ చదవరు. కొత్తగా చేరిన కుర్రాడు పత్రం తెరవడు, పక్క సీటు వైపు తిరిగి "అన్నా, స్టేటస్‌లో 3 అని ఉంటే ఏంటి?" అని అడుగుతాడు. అన్న చెబుతాడు, పని నడిచిపోతుంది. ఆఫీసుల్లో అసలైన డాక్యుమెంటేషన్ ఇన్నాళ్లూ నోటి మాటగానే బతికింది.

ఇప్పుడు అక్షరం వదలకుండా చదివే పాఠకుడొచ్చాడు, ఏఐ ఏజెంట్. ఏజెంట్లని టూల్స్‌తో కలిపేందుకు 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ తెచ్చిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో ప్రతి టూల్‌కీ ఒక పేరు, కొద్దిపాటి వివరణ, ఏయే ఇన్‌పుట్లు ఇవ్వాలో చెప్పే స్కీమా ఉంటాయి. ఏ పనికి ఏ టూల్‌ని పిలవాలో ఏజెంట్ తేల్చుకునేది చాలావరకు ఆ నాలుగు వాక్యాలు చూసే. తెలియకపోతే ఆగి అడగమని దానికి చెప్పొచ్చు. కానీ తెలియదన్న సంగతి తెలిస్తే కదా అడిగేది!

ఉదాహరణకి, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఎక్స్‌ప్లెయిన్ అనే కమాండు ఉంది. క్వెరీని ఎలా నడపబోతోందో చూపిస్తుంది, నడపదు. దాని పక్కన ఎనలైజ్ చేరిస్తే మాత్రం క్వెరీని నిజంగానే నడిపి, ఎంత సమయం పట్టిందో చెబుతుంది. ఆ క్వెరీ డిలీట్ అయితే రికార్డులు పోతాయి. పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ ఈ సంగతిని ప్రత్యేకంగా హెచ్చరించి, ముందు బిగిన్, చివర రోల్‌బ్యాక్ పెట్టి నడుపుకోమని దారి కూడా చూపిస్తుంది. అదే కమాండుని ఎవరైనా టూల్‌గా చుట్టి, "క్వెరీ పనితీరును విశ్లేషిస్తుంది" అని వివరణ రాస్తే? అబద్ధమేమీ లేదు, ప్రమాదమంతా ఉంది. నా దృష్టిలో వివరణలో మొదటి వాక్యం టూల్ ఏం చేస్తుందో చెప్పాలి, రెండోది ఏం మారుస్తుందో చెప్పాలి. "శక్తిమంతమైన", "సులభమైన" లాంటి విశేషణాలు అమ్మేవాళ్లకి వదిలేద్దాం. అలాగని, ఎంత బాగా రాసినా వివరణ కాపలా కాయదు. చదవడం వరకే పని ఉన్న ఏజెంట్‌కి చదివే అనుమతి మాత్రమే ఉన్న లాగిన్ ఇవ్వాల్సిందే.

టూల్ కంటే దాని వెనకున్న డేటా గురించి రాయడం కష్టం. జిల్లా అనే కాలమ్‌నే తీసుకోండి. 2016 అక్టోబరు 11న, దసరా రోజున, తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి. పాత వరంగల్ నుంచి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పుట్టుకొచ్చాయి. 2019లో ములుగు విడిపోయింది. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్‌కి వరంగల్ అనే పేరు పెట్టారు, కొన్ని మండలాలు అటూఇటూ మారాయి. ఇదంతా చూసిన మనిషికి "వరంగల్ జిల్లాలో పదేళ్ల రిజిస్ట్రేషన్లు" అని అడగ్గానే అనుమానం వస్తుంది. ఏజెంట్‌కి రాదు. తప్పులేని ఎస్‌క్యూఎల్ రాసి, సంఖ్యలు కుప్పకూలాయని చక్కటి గ్రాఫ్ గీసిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో కాలమ్‌కి కామెంట్ జోడించే వీలుంది. అందులో ఇంత రాస్తే చాలు: "జిల్లా పేరు నమోదైన నాటిది. 2016, 2019, 2021ల్లోని మార్పులకు ముందు, తర్వాతి అంకెల్ని పేరుతో పోల్చవద్దు, గ్రామాల వారీగా కలిపి చూడాలి."

ఇలాంటి వాక్యాలు కంప్యూటర్ ముందు ఒంటరిగా కూర్చుంటే రావు. ఆఫీసులో అందరికంటే పాత మనిషిని పట్టుకుని టేబుల్ టేబుల్‌కీ ప్రశ్నలు వేస్తాను. ఆయన విసుక్కుని "ఇది అందరికీ తెలిసిందే కదండీ" అన్న ప్రతిచోటా పెన్ను తీస్తాను.

ఉన్నదంతా దాచకుండా రాసిపెట్టడం కొత్త పద్ధతేమీ కాదు. 1971 నాటి తొలి యూనిక్స్ మాన్యువల్‌లో కమాండు ఏం చేస్తుందో చెప్పాక, బగ్స్ అనే శీర్షిక కింద దాని లోపాలు చెప్పేవారు. ఓనర్ అనే శీర్షిక కింద యూనిక్స్ సృష్టికర్తలు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ లాంటివాళ్ల లాగిన్ పేర్లుండేవి. ఎవరిని అడగాలో పేజీయే చెప్పేదన్నమాట. తర్వాత్తర్వాత చాలామంది ఈ నిజాయితీని వదిలేసి బ్రోషర్లు రాయడం మొదలుపెట్టారు.

ఎర్రర్ మెసేజీలూ డాక్యుమెంటేషనే అని ఇంజినీర్లని ఒప్పించడం మాత్రం ఇప్పటికీ యుద్ధమే. "చెల్లని ఇన్‌పుట్" అని ఊరుకుంటే ఏజెంట్ అదే తప్పుని అటుతిప్పి ఇటుతిప్పి పంపుతుంది. "తేదీని 2024-03-31 రూపంలో ఇవ్వండి" అంటే మరుసటిసారికి సరిదిద్దుకుంటుంది. ఇక రాసిన వివరణని నేను పరీక్షించేది ఇలా: డేటాబేస్ నకలు మీద ఏజెంట్‌ని కూర్చోబెట్టి, గుమాస్తా అడిగినట్టే సగం సగం ప్రశ్న వేసి, ఏ టూల్ ఎంచుకుంటుందో చూస్తాను. తప్పు టూల్ ఎంచుకుంటే ప్రశ్నని ముట్టుకోను, వివరణని దిద్దుతాను.