మ్యాప్ ఎక్కించే ముందు

హైదరాబాద్‌లో మా కార్ల బృందం వీలు చూసుకుని బయటి ఊరి నుంచి ఒక ట్యూనింగ్ నిపుణుణ్ని పిలిపిస్తుంది. ఒక్క కారు కోసం ఆయన రావడం ఎవరికీ గిట్టుబాటు కాదు. పదిమందీ కలిస్తే ప్రయాణ ఖర్చు, ఇంజిన్ శక్తిని కొలిచే డైనో యంత్రం అద్దె అందరికీ సర్దుకుంటాయి. ఏర్పాట్లు చూసేది నేనే. ఆయన ల్యాప్‌టాప్ తెరిచేలోపే ఆ రోజు మంచిచెడ్డలు సగం తేలిపోతాయి.

ఇంజిన్ కంప్యూటర్‌లో, అంటే ఈసీయూలో, ఉండేవి అంకెల పట్టికలు; వాటినే మ్యాప్ అంటాం. ఏ వేగంలో, ఎంత లోడులో ఎంత ఇంధనం చిమ్మాలి, టర్బో ఎంత ఒత్తిడి (బూస్టు) పెట్టాలి, పెట్రోలు కారైతే స్పార్క్ ఎప్పుడు పడాలి అన్నది వాటిలోనే ఉంటుంది. తూకం లెక్కన ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాల్ కలిస్తే ఈ లెక్క తగ్గుతుంది. అందుకే రోజూ పోయించుకునే పెట్రోలుతోనే రమ్మని అందరికీ ముందే చెబుతాను. పాత ప్లగ్గులు, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, జారే క్లచ్ ఉంటే సొంత మెకానిక్ దగ్గర బాగు చేయించుకునే రావాలి.

ఈమధ్య ఒక టర్బో డీజిల్ కారును డైనో ఎక్కించాం. గ్రాఫులో కంప్యూటర్ అడిగిన బూస్టు ఒక గీత, నిజంగా అందిన బూస్టు మరో గీత. వేగం పెరిగేకొద్దీ రెండో గీత కిందికి జారింది. బానెట్ ఎత్తి చూస్తే ఇంటర్‌కూలర్ పైపు క్లిప్పు దగ్గర నూనె జిడ్డు. గాలి అక్కడే పోతోంది.

"స్లాట్ డబ్బులు కట్టేశాను కదన్నా, కానిచ్చేయండి" అన్నాడు కారు తెచ్చిన కుర్రాడు.

"పైపు మార్చుకుని రా తమ్ముడూ. ఇప్పుడు మ్యాప్ పెంచితే ఆ లోటు పూడ్చడానికి టర్బో అవసరానికి మించి తిరుగుతుంది. పోయేది అదే" అన్నారాయన.

ఆయన అంత నిబ్బరంగా వద్దనగలగడానికి ఒక కారణముంది. మేం ఆయనకు కార్ల లెక్కన ఇవ్వం, రోజు లెక్కన ఇస్తాం. వెనక్కి పంపిన కారు డబ్బు వచ్చేసారికి జమ కడతాం. అందుకే కాదనడం వల్ల ఆయనకూ కుర్రాడికీ నష్టం లేదు.

మిగతా కట్టుబాట్లూ అలాంటివే. మ్యాప్ ఎక్కుతుండగా కరెంటు పడిపోతే ఈసీయూ మొరాయించవచ్చు కాబట్టి బ్యాటరీకి సపోర్టు ఛార్జర్ తగిలించాల్సిందే. కంపెనీ అసలు ఫైలు భద్రపరిచాకే కొత్తది ఎక్కించాలి. డీజిల్ పొగ మసిని పట్టే ఫిల్టర్ పీకేయమంటే ఒప్పుకోం; ఆ మసి పీల్చేది మన వీధిలో వాళ్లే. వారంటీకి వచ్చే చిక్కు కూడా ముందే వివరిస్తాం.

ఎన్ని హార్స్‌పవర్లు పెరిగాయని అందరూ అడుగుతారు. అడగనీ. నిపుణుణ్ని పిలిచేది మాత్రం ఆయన తీర్పు కోసం. ఆ తీర్పు నిర్భయంగా చెప్పే వీలు కల్పించడమే నిర్వాహకుడి అసలు పని.