గుంతలో చంద్రలోకం

చంద్రుణ్ణి మామ అని ఎందుకంటామో మా అమ్మమ్మ చెప్పేది. పాలసముద్రం చిలికినప్పుడు లక్ష్మీదేవీ చంద్రుడూ ఇద్దరూ అందులోంచే పుట్టారట. లక్ష్మి మనకు తల్లి గనుక ఆమె తోబుట్టువు మనకు మేనమామ. ఆకాశంతో తెలుగువాడి చుట్టరికం తోబుట్టువుల బంధంతోనే మొదలైందన్నమాట. బాదల్ నంజుండస్వామి బెంగళూరు రోడ్డు మీద చూపించిన చంద్రలోకాన్ని తలచుకున్నప్పుడల్లా నాకీ కథే గుర్తొస్తుంది.

2019 సెప్టెంబరు మొదటివారం. చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగడానికి ఇంకా కొద్ది రోజులుంది. అప్పుడు హేరోహళ్ళి వైపు తుంగానగర మెయిన్ రోడ్డులో రాత్రిపూట తీసిన చిన్న వీడియో ఒకటి బయటికొచ్చింది. వ్యోమగామి దుస్తుల్లో నటుడు పూర్ణచంద్ర మైసూరు ఒళ్ళు బరువు లేనట్టు మెల్లగా అడుగులేస్తుంటాడు. చుట్టూ గుంతలు, మట్టి, నీడలు. అచ్చం చంద్రుడే అనుకుంటాం. ఇంతలో పక్కనుంచి ఆటో ఒకటి పోతుంది. నవ్వొస్తుంది. వెంటనే సిగ్గూ వేస్తుంది.

అందరూ దీన్ని రోడ్ల మీద ఫిర్యాదుగానే చూశారు. తప్పు లేదు. 2015లో సుల్తాన్‌పాళ్యలో నీళ్ళు నిండిన గుంతలో మొసలి బొమ్మ పెట్టింది కూడా ఈయనే. కానీ నా దృష్టిలో రెండూ ఒకటి కావు. మొసలి బయటినుంచి తెచ్చిన వస్తువు. ఇక్కడ ప్రమాదం ఉందని బోర్డు పెట్టినట్టు. రెండోదాంట్లో మనల్ని మాయ చేసింది వ్యోమగామి దుస్తులు కాదు, గుంతే. అంగళ్ళూ స్తంభాలూ కంటికి అందకుండా చేసేసరికి గుంత తన పేరు పోగొట్టుకుంది. మిగిలినవి గుండ్రటి నీడ, దాని అంచున వెలుగు. నైరూప్య చిత్రకారుడు చేసే పని ఇదే. రూపాన్ని చెరపడు, దాని పేరు చెరుపుతాడు. కొత్త పేరు పెట్టుకోవలసింది మనం.

ఒక్క లోటు చెప్పాలి. ఆటో త్వరగా వచ్చేసింది. ఊహలో ఇంకొంచెం సేపు ఉండనిచ్చి ఉంటే బాగుండేది. వ్యంగ్యానికి తొందరెక్కువ. రోడ్డు బాగుచేశాక దాని పని తీరిపోతుంది. ఊహ పని అలా తీరదు.

1969 జులైలో, మనిషి చంద్రుడి మీద కాలు మోపాడని రేడియోలో విన్న రోజుల్లో, మా వఠారం ముందు ఎవరో ఇల్లు కట్టడానికి ఇసుక తోలించారు. అక్క తలమీద అల్యూమినియం గిన్నె బోర్లించుకుని ఆ గుట్ట మీద మెల్లగా నడిచింది. నేను టార్చి పట్టుకున్నాను. అన్నానికి రమ్మని అమ్మ కేకేసేదాకా అది చంద్రలోకమే. అమ్మ కేక మా ఆటో.

పెద్దయ్యాక ఇంటి పంపకాల దగ్గర అక్కకూ నాకూ మాటలు పడిపోయాయి. పండగలకు కూడా ఫోన్లు లేవు.

సెప్టెంబరు 7, అర్ధరాత్రి దాటింది. విక్రమ్ నుంచి సంకేతాలు ఆగిపోయాయి. ఆ రాత్రి నిద్రపట్టక బాదల్ వీడియో మళ్ళీ చూశాను. ఈసారి నవ్వు రాలేదు. ఎవరూ లేని చోట ఒక్కడే నడుస్తున్నట్టనిపించింది. తెల్లవారుతుండగా హోసూరునుంచి అక్క ఫోను. విక్రమ్ మాట ఎత్తలేదు, పంపకాల మాటా ఎత్తలేదు.

"ఆ రోడ్డు మీద చంద్రుడి వీడియో చూశావుట్రా? అందరూ నడిచినవాణ్ణే మెచ్చుకుంటున్నారు. లైటు పట్టుకున్నదెవరో ఒక్కరూ అడగరేం?"

విమర్శకుడిగా నాకు తట్టవలసిన ప్రశ్న అది. ఊహించేది ఒకరైనా, అవునని పక్కన వెలుగు పట్టేవాళ్ళు ఇంకొకరుండాలి. లేకపోతే గుంత గుంతే, ఇసుక ఇసుకే. చూసేవాడికి కళలో ఉన్న చోటు అదే. దాన్ని మనకు మొదట నేర్పేది తోబుట్టువులు.

"నేనేగా అక్కా" అన్నాను.