కట్టించిన శిథిలాలు

జేన్ ఆస్టిన్ నవలల ప్రస్తావన వచ్చినప్పుడు, అభ్యుదయ సాహిత్యాన్ని బాగా చదివిన ఒక మిత్రుడు తేల్చి చెప్పాడు: ‘పెళ్ళి సంబంధాలు, గుర్రబ్బళ్ళ షికార్లు తప్ప ఆమెలో ఏముంది? ఆ బళ్ళకు డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో ఒక్క చోటైనా చెప్పిందా?’ ప్రశ్న సరైనదే. కాని జవాబు కోసం నవల తెరవకుండానే ఆయన తీర్పు ఇచ్చేశాడు. ‘నార్తాంగర్ ఆబీ’లో ఒక షికారు ఉంది. ఒక కోటను చూద్దామని బయలుదేరిన షికారు అది. కోట దాకా పోనేపోదు. మిత్రుడి ప్రశ్నకు అక్కడే పని పడుతుందని నా ఉద్దేశం.

కథానాయిక కేథరిన్‌కు 17 ఏళ్ళు. పాడుబడ్డ కోటలు, రహస్య ద్వారాలు, గాలికి ఆరిపోయే దీపాలు ఉండే నవలలంటే ఆమెకు ప్రాణం. బాత్ పట్టణంలో జాన్ థార్ప్ అనే కోతలరాయుడు ఆమెకు బ్లేజ్ కోట చూపిస్తానంటాడు. నిజంగా పాత కోటేనా అని అడుగుతుంది పాపం. దేశంలో అంతకన్న పాతది లేదంటాడు. బురుజులున్నాయా అంటే డజన్లకొద్దీ ఉన్నాయంటాడు. ఆమె అంతకుముందే టిల్నీ అన్నాచెల్లెళ్ళతో నడకకు వస్తానని మాట ఇచ్చి ఉంది. వాళ్ళు వేరే దారిన వెళ్ళిపోతుండగా చూశానని థార్ప్ ఇంకో అబద్ధం ఆడతాడు. కోట మీది మోజుతో కేథరిన్ బండి ఎక్కుతుంది. కీన్‌షమ్ ఊరు కనుచూపుమేరకు వచ్చేసరికే ఆలస్యమైందని అందరూ వెనక్కి తిరుగుతారు.

ఆస్టిన్ ఈ నవల రాసింది 1798-99లో. అచ్చయింది ఆమె మరణించాక, 1817 చివర. బ్లేజ్ కోట కట్టింది 1766లో. అంటే దేశంలోకెల్లా పాతదైన ఆ కోట వయస్సు నవల రాసేనాటికి 33 ఏళ్ళు దాటలేదు. చుట్టూ మూడు గుండ్రని బురుజులు పెట్టి గుట్ట మీద లేపిన ఉత్తుత్తి కోట అది. ఆ సంగతి రచయిత్రి ఎక్కడా విప్పి చెప్పదు. బాత్, బ్రిస్టల్ ప్రాంతాల పాఠకులకు చెప్పనక్కరలేదు. థార్ప్ నోరు తెరవగానే వాళ్ళు నవ్వి ఉంటారు. అబద్ధాలకోరు నోట అబద్ధపు కోట. మన విద్యార్థులు మాత్రం, పాపం ఆ పిల్ల మంచి కోట చూడలేకపోయిందే అనుకుని పేజీ తిప్పేస్తారు.

ఇలాంటి కట్టడాలను ఇంగ్లీషులో ‘ఫాలీ’ అంటారు. తెలివితక్కువతనం, వెర్రి అని ఆ మాటకు అర్థం. కాపురానికి పనికిరాని బురుజు, ఎవరూ పూజ చేయని గుడి, పుట్టుకతోనే సగం కూలిన గోడ: 18వ శతాబ్దపు ఇంగ్లీషు భూస్వాముల తోటల్లో ఇవి కొల్లలు. బార్బరా జోన్స్ అనే చిత్రకారిణి వీటి మీద 1953లో ‘ఫాలీస్ అండ్ గ్రాటోస్’ అనే పెద్ద పుస్తకం తెచ్చింది. ఆమె ఓపిక లేకపోతే వీటిలో చాలావాటిని జనం మరచిపోయి ఉండేవారు. అయితే ఈ విషయం మీద వచ్చే రాతల్లో సాధారణంగా కనిపించే వరస ఒకటే: చిత్రమైన మనిషి, చిత్రమైన సరదా, చిత్రమైన కట్టడం. ఒక్కడికి పడితే వెర్రి అనవచ్చు. ఒకే శతాబ్దంలో ఒక వర్గం వర్గానికే అదే వెర్రి పట్టినప్పుడు కారణం వెదకక తప్పదు.

హంపీ శిథిలాల ముందు మన కవులు కన్నీరు కార్చారు. ఆ గోడలను యుద్ధం కూల్చింది. ఆ కన్నీటికి ఒక చరిత్ర ఉంది. ఇంగ్లండులో హాగ్లీ తోట సంగతి చూడండి. దాని యజమాని జార్జ్ లిటిల్‌టన్ కవి, రాజకీయ నాయకుడు. ఆయన కోసం శాండర్సన్ మిల్లర్ 1747-48లో ఒక శిథిల దుర్గం కట్టిపెట్టాడు. దానికి కిటికీలు ఎక్కడివి? దగ్గరలోని హేల్సోవెన్ మఠం నిజంగానే శిథిలమై ఉంది. అక్కడినుంచి తెచ్చి పెట్టారు. దొంగ శిథిలం కోసం అసలు శిథిలాన్ని దోచారన్నమాట!

గోథిక్ నవల పుట్టింది సరిగ్గా ఈ మనుషుల మధ్యనే. హొరేస్ వాల్పోల్ 1749 నుంచి స్ట్రాబెరీ హిల్ అనే తన ఇంటిని మధ్యయుగపు కోటగా మార్చుకుంటూ వచ్చాడు. అక్కడి పెద్ద వసారాలో రాతి చెక్కడంలా కనిపించే పైకప్పు కాగితపు గుజ్జుతో చేసింది. అదే వాల్పోల్ 1764 చివర ‘ఒట్రాంటో కోట’ను ప్రచురిస్తూ, ఇది పాత ఇటాలియన్ గ్రంథానికి అనువాదమని అనువాదకుడి పేరుతో సహా కల్పించాడు. పుస్తకం అమ్ముడుపోయాక రెండో ముద్రణలో నిజం ఒప్పుకున్నాడు. కాగితపు గుజ్జుతో రాయిని చేసిన చేతికి, అచ్చు కాగితంతో పురాతన గ్రంథాన్ని చేయడం కష్టమా? వస్తువు, శిల్పం అని మనం విడదీసి మాట్లాడుకుంటాం గాని, ఇక్కడ ఇంటికీ నవలకూ శిల్పం ఒకటే: పాతదనాన్ని తయారు చేయడం.

పాతదనం ఎందుకు కావలసి వచ్చింది? 1604 నుంచి 1914 వరకు ఇంగ్లండులో పొలాలకు, ఉమ్మడి భూములకు కంచెలు వేసే చట్టాలు 5,200కు పైగా వచ్చాయి. వాటి కిందికి వచ్చిన భూమి సుమారు 68 లక్షల ఎకరాలు. ఎస్టేట్లు పెరిగాయి. వాటి మధ్య వ్యాపారంలో గడించినవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. నిన్న కొన్న గుట్టకు తాతల నాటి కళ రావాలంటే దాని మీద ఒక ముసలి బురుజు ఉండాలి. ఆ కళకు ఊరు అడ్డమైతే ఊరినే తీసేశారు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర నూనమ్ కోర్ట్నీలో హార్కోర్ట్ ప్రభువు 1760ల్లో గ్రామాన్ని గ్రామంగా రోడ్డు పక్కకు తరలించి, పాత చర్చి స్థానంలో గ్రీకు గుడిలాంటిది కట్టించాడు. గోల్డ్‌స్మిత్ 1770లో రాసిన ‘డెజర్టెడ్ విలేజ్’ కావ్యానికి ఆ ఊరే మూలమని చాలామంది విమర్శకుల అభిప్రాయం. తోట చరిత్రా కావ్యమూ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పేవారు మన తరగతి గదుల్లో అరుదు.

ఈ వ్యవహారంలో కూలి ఒప్పందం వివరాలు బాగా ప్రచారంలో ఉన్న ఉద్యోగి ఒక్కడే, పెయిన్స్‌హిల్ తోట సన్యాసి. యజమాని చార్లెస్ హామిల్టన్ ఏడేళ్ళ పాటు జుట్టు, గోళ్ళు కత్తిరించకుండా, ఎవరితో మాట్లాడకుండా గుడిసెలో ఉంటే 700 పౌన్లు ఇస్తానన్నాడట. మూడు వారాలకే ఆ సన్యాసి కొలువు ముగిసిందట. మౌనవ్రతానికి కూడా రేటు కట్టిన కాలం అది.

ఇక బ్లేజ్ కోట దగ్గరికి వద్దాం. దాన్ని కట్టించినవాడు థామస్ ఫార్, బ్రిస్టల్‌లో చక్కెర వర్తకుడు. బానిసల వ్యాపారంలో పెట్టుబడి పెట్టినవాడు. అమెరికా యుద్ధం దెబ్బకు 1778లో దివాలా తీశాడు. అంటే ఆ బురుజుల రాళ్ళ వెనక చెరకు తోటలున్నాయి. మిత్రుడు అడిగిన డబ్బు జాడ ఇదే. ఆస్టిన్ ఈ మాట చెప్పలేదు, నిజమే. కోట అబద్ధమని పట్టుకుంది. ఆ అబద్ధానికి పెట్టుబడి ఎక్కడిదో పట్టుకోలేదు. ఇది ఆ నవలకు ఉన్న హద్దు, దాన్ని దాచవలసిన అవసరం లేదు. అయితే ఆమెకు ఏమీ తెలియదని, తెలిసినా పట్టదని అనడానికి వీల్లేదు. 1814లో వచ్చిన ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో ఫ్యానీ బానిసల వ్యాపారం గురించి అడిగితే ఆ ఇంటిల్లిపాదీ నోరు మెదపదు. ఎడ్వర్డ్ సయీద్ 1993లో ‘కల్చర్ అండ్ ఇంపీరియలిజం’లో ఆ నవల మీద పెద్ద చర్చే చేశాడు. ఆ మౌనాన్ని పుటలోకి ఎక్కించింది ఎవరు? రచయిత్రే కదా. పాత్రల మౌనం వేరు, రచయిత మౌనం వేరు. మన వర్గ విమర్శ ఈ తేడా చూడకపోతే అది పోలీసు పంచనామా అవుతుంది.

ఆస్టిన్ మీద పడే మనవాళ్ళు విలియం బెక్‌ఫర్డ్‌ను మాత్రం ‘ఊహాశాలి’ అని వదిలేస్తారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ‘వాథెక్’ కర్త ఆయన. అందులో ఖలీఫా ఆకాశాన్నంటే గోపురం కట్టిస్తాడు. తండ్రినుంచి వచ్చిన జమైకా తోటల రాబడితో బెక్‌ఫర్డ్ కూడా 1796 నుంచి విల్ట్‌షైర్‌లో ఫాంట్‌హిల్ ఆబీ పేరుతో అలాంటిదే లేపాడు. గోపురం ఎత్తు 270 అడుగుల పైమాట. రాత్రిళ్ళు కాగడాల వెలుగులో కూడా పని చేయించాడు. పునాది గురించిన శ్రద్ధ మాత్రం లేదు. చక్కెర రాబడి పడిపోగానే 1822లో అమ్మేశాడు. కొన్నది జాన్ ఫార్ఖర్. ఇతగాడు మన బెంగాల్లో ఈస్టిండియా కంపెనీకి తుపాకిమందు తయారుచేసి లక్షలు గడించినవాడు. జమైకా చక్కెర మీద లేచిన గోపురం బెంగాల్ మందుగుండు డబ్బు చేతికి వచ్చి, 1825 డిసెంబరులో కుప్పకూలింది. ఇదే ఏ నవలలోనో రాస్తే మరీ ప్రచార సాహిత్యంగా ఉందని విమర్శకులు కొట్టిపారేస్తారు.

అన్నిటినీ ఒకే గాటన కట్టడానికీ లేదు. నార్తాంప్టన్‌షైర్‌లో రష్టన్ త్రికోణ గృహం ఉంది. 1593-97 మధ్య సర్ థామస్ ట్రెషమ్ కట్టించాడు. కాథలిక్ మతాన్ని వదలనందుకు ఏళ్ళ తరబడి నిర్బంధంలో ఉన్నవాడు. మూడు గోడలు, మూడు అంతస్తులు, ఒక్కో గోడ 33 అడుగుల 4 అంగుళాలు: నోటితో చెప్పుకోనివ్వని కాథలిక్ విశ్వాసాన్ని త్రిత్వ చిహ్నాలతో రాతిలో చెప్పుకున్నాడు. ఆ కట్టడం ముందు ఎవరికైనా తల వంగుతుంది. మరి ఆ ట్రెషమ్‌లే పొలాలకు కంచెలు వేయడంలో పేరుమోసినవాళ్ళు. 1607లో, సర్ థామస్ పోయిన రెండేళ్ళకు, పక్కనే న్యూటన్‌లో వాళ్ళ దాయాదుల కంచెలు పీకిన రైతుకూలీలు నలభై మందికి పైగా చనిపోయారు. హింస పడ్డవాడే ఇంకొకడి నోటి ముద్ద లాక్కున్నాడు. ఈ రెండిట్లో ఏ ఒక్కటి చెప్పి ఊరుకున్నా ఆ కట్టడాన్ని చదివినట్టు కాదు.

బ్లేజ్ కోట 1926 నుంచి బ్రిస్టల్ నగరపాలక సంస్థ చేతిలో ఉంది. చుట్టూ ఉన్న పార్కులో ఎవరైనా తిరగవచ్చు. కోటకు నడిచి వెళ్ళే దూరంలో హెన్‌బరీ చర్చి ఉంది. ఆ ఆవరణలో స్కిపియో ఆఫ్రికానస్ అనే నల్లజాతి కుర్రవాడి సమాధి ఉంది. సఫోక్ ప్రభువు ఇంట సేవకుడు. 1720 డిసెంబరు 21న 18 ఏళ్ళ వయస్సులో చనిపోయాడు. బానిసగా పుట్టాడని రాతి మీదే రాసి ఉంది. పేరు యజమానులు తగిలించిన రోమన్ సేనాపతి పేరు. కన్నవాళ్ళు ఏమని పిలిచారో రాతి మీద లేదు. కోట కట్టడానికి 46 ఏళ్ళ ముందునుంచీ ఆ సమాధి అక్కడే ఉంది. థార్ప్ బండి కీన్‌షమ్ దగ్గర వెనక్కి తిరక్కపోతే కేథరిన్ దిగవలసిన ఊరు అదే.