చీరగుడ్డ అట్టల తొలి పుస్తకాలు

కలకత్తాలో 1958లో కవి పి. లాల్, మిత్రులు మొదలుపెట్టిన ప్రచురణ సంస్థ రైటర్స్ వర్క్‌షాప్ పుస్తకం పట్టుకుంటే వేళ్లకు ముందు తగిలేది నేత. అట్టకు చుట్టింది చేనేత చీరగుడ్డ! కుట్టడం, అతికించడం అన్నీ చేత్తోనే. పేరు లాల్ దస్తూరిలో, షేఫర్ కాలిగ్రఫీ పెన్నుతో రాసి, బంగారు రంగులో అచ్చొత్తింది. గుడ్డ తాను మారితే పుస్తకం రంగు మారుతుంది. అయినా అన్నీ ఒకింటి పిల్లల్లానే ఉంటాయి. అసలైన డిజైన్ అంటే ఇదీ అంటాను.

ఇంగ్లీషులో రాసే కొత్త కవులకు ప్రచురణకర్తలు దొరకని రోజులవి. ఆగా షాహిద్ అలీ, విక్రమ్ సేథ్‌ల తొలి కవితా సంపుటాలు ఇక్కడివే. ఊరూపేరూ తెలియని కవికి ఇంత ముస్తాబా! నాకు మరీ నచ్చిందేమిటంటే, లోపలి పేజీలో బైండరు పేరు కూడా వేసేవారు. మన ప్రచురణకర్తలూ వెంటనే అందుకోవాల్సిన మర్యాద అది.