అహ్మదాబాదు టేపులు ఏం నేర్పుతాయి?

ధ్వని పాఠం చదివిన ప్రతి విద్యార్థికీ మూడు మాటలు కంఠస్థం. కీచుదనం పౌనఃపున్యాన్ని బట్టి, తీవ్రత కంపన పరిమితిని బట్టి, గుణం అనుస్వరాలను బట్టి ఉంటాయి. మొదటి రెంటికీ ప్రయోగాలున్నాయి, లెక్కలున్నాయి. మూడోదానికి మాత్రం ఒకే వాక్యం: వీణ, వేణువు ఒకే స్వరం పలికినా వేరువేరుగా వినబడడానికి కారణం ఇదే అని. అక్కడితో పాఠం అయిపోతుంది. విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్ సంగీతం, శబ్ద రూపకల్పన చదవబోయే విద్యార్థికి సరిగ్గా అక్కడే పాఠం మొదలవుతుంది.

అనువాదాలు చేసే నాకు ఈ మూడో మాటతో పాత పేచీ ఒకటుంది. కొన్ని పుస్తకాల్లో దీన్ని ‘నాణ్యత’ అన్నారు. నాణ్యత అంటే బజారులో సరుకు మంచిదా నాసిరకమా అన్న ప్రశ్న. వీణ నాణ్యమైనదీ వేణువు కానిదీ కాదు గదా! ‘గుణం’ అన్నా పూర్తిగా తృప్తి లేదు గాని, ఈ వ్యాసానికి దానితోనే సరిపెట్టుకుందాం.

ఇక్కడ సమీక్షకు తీసుకున్నది పుస్తకం కాదు, ఒక శబ్ద సంకలనం. పేరు ‘ది ఎన్ఐడి టేప్స్’. 1969 నుంచి 1972 వరకు అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో తయారైన ఎలక్ట్రానిక్ సంగీతం ఇందులో ఉంది. ఆ టేపు చుట్టలు దశాబ్దాలపాటు ఆ సంస్థ భాండాగారంలోనే పడి ఉన్నాయి. బ్రిటన్‌కు చెందిన కళాకారుడు పాల్ పర్గాస్ వాటిని వెతికి తీసి, శుభ్రపరచి, 2023లో లోకానికి వినిపించాడు.

ముందు కొంచెం కథ. 1946లో గీతా సారాభాయ్ అనే యువతి అహ్మదాబాదు నుంచి న్యూయార్క్ వెళ్లింది. ఆడవాళ్లు పఖావాజ్ ముట్టుకోవడమే అరుదైన రోజుల్లో ఆమె ఆ వాద్యం నేర్చింది. అక్కడ జాన్ కేజ్ అనే స్వరకర్తకు ఆమె భారతీయ సంగీతం చెప్పింది, ఆయన ఆమెకు పాశ్చాత్య సంగీతపు స్వరమేళన పద్ధతులు చెప్పాడు. ఆ పరిచయం కొనసాగింది. గౌతమ్, గీరా సారాభాయ్‌ల పూనికతో 1961లో డిజైన్ సంస్థ ఏర్పడింది. 1969లో కేజ్ సహచరుడు డేవిడ్ ట్యూడర్ అక్కడికి వచ్చి మోగ్ సింథసైజర్‌తో, టేపు యంత్రాలతో స్టూడియో నెలకొల్పాడు. మనిషి చంద్రుడి మీద కాలు మోపిన సంవత్సరమది. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా ఆ యంత్రం మీద చేసినవే ఈ టేపులు.

ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో తెలియకపోతే ఈ సంకలనం సగమే వినబడుతుంది. మోగ్ అంటే ఒక వాద్యం అనుకోకండి, చిన్న చిన్న పెట్టెల సముదాయం అనుకోండి. ఒక పెట్టె కంపనాన్ని పుట్టిస్తుంది, ఒకటి దాన్ని వడపోస్తుంది, ఇంకొకటి దాని తీవ్రతను పెంచి తగ్గిస్తుంది. వీటిని తీగలతో ఒకదానికొకటి కలపాలి. ఇందులోని గొప్ప ఆలోచన ఏమిటంటే, అన్నిటినీ నడిపేది వోల్టేజి. ఒక వోల్టు పెంచితే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి పోతుంది, అంటే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. పియానో మెట్టు ఒక్కొక్కటి వోల్టులో పన్నెండో వంతు, సుమారు 83 మిల్లీవోల్టులు. కానీ వోల్టేజికి మెట్లు లేవు. 83కీ 84కీ మధ్య ఎక్కడైనా ఆపవచ్చు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి జారవచ్చు. గమకాల సంగీతం విన్న చెవికి ఇది ఎంత పెద్ద వరమో మీరే ఊహించండి. అయితే వరంతోపాటు శాపమూ ఉంది. ఆ కాలపు మోగ్ ఆసిలేటర్లు గది వేడెక్కితే శ్రుతి తప్పేవి. అహ్మదాబాదు ఎండలు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు!

ఇప్పుడు టేపులు విందాం. ఈ సంకలనం గురించి తరచుగా వినే ప్రశంస ఒకటుంది: ఎస్.సి. శర్మ ‘డాన్స్ మ్యూజిక్’ అనే పేరుతో చేసిన ముక్కల్లో, 1980లలో అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టిన టెక్నో సంగీతం పదేళ్లకు పైగా ముందే వినబడుతోందని. ఆ నడక, మళ్లీ మళ్లీ తిరిగివచ్చే ఆ దరువు వింటే ఆ పోలిక తట్టడం సహజమే. కానీ ఈ ప్రశంస నాకు రుచించలేదు. ‘మేమే ముందు’ అనే గొప్ప మనకు కొత్త కాదు, దానివల్ల నేర్చుకునేది ఏమీ ఉండదు. డెట్రాయిట్ యువకులు ఈ టేపులు విన్నవాళ్లు కారు. ఈ టేపులు వాళ్లకు పూర్వీకులూ కావు. వీటిని పోటీలో గెలిచిన పతకంగా కాక, అభ్యాసాల పుస్తకంగా వినాలని నా అభిప్రాయం. అలా వింటే లోపాలు కూడా ఉపయోగపడతాయి.

లోపాలు ఉన్నాయి. ఐ.ఎస్. మాథుర్ ముక్క పేరు ‘మై బర్డ్స్’. పక్షి కూత మోగ్ మీద తేలిక. కంపనపు పౌనఃపున్యాన్ని చటుక్కున పైకి లాగి కిందికి వదిలితే చాలు, ఏదో ఒక పిట్ట పలుకుతుంది. ఎలక్ట్రానిక్ శబ్దం చేతికి వచ్చిన ప్రతివారూ మొదటి వారంలో చేసే పని ఇదే: పిట్టలు, గాలి, నీటి బుడగలు, రాకెట్లు. జోషిపురా ‘స్పేస్ లైనర్ 2001’లోనూ యంత్రాన్ని చూడగానే అంతరిక్షమే గుర్తుకు రావడం అనే ఆ కాలపు అలవాటు ఉంది. తెలిసిన శబ్దాన్ని అచ్చు గుద్దడం శిక్షణలో తప్పనిసరి మెట్టు. చెవి పదునెక్కేది అక్కడే. కాని అనుకరణ సరిగ్గా కుదిరిన చోట వినేవాడికి ‘భలే’ అనిపించి ఊరుకుంటుంది. రెండోసారి వినాలనిపించదు.

రెండోసారి, మూడోసారి వినాలనిపించినది అదే మాథుర్ చేసిన ‘వన్స్ ఐ ప్లేయ్డ్ ఎ తాన్‌పురా’. ఒకప్పుడు తంబుర మీటానని ఆ పేరుకు అర్థం. మోగ్ ముందు కూర్చున్న భారతీయుడు అడగవలసిన అసలు ప్రశ్న ఇదేనని నాకు తోచింది. తంబుర స్వరం మారదు, తాళం వేయదు. అయినా ఎంతసేపు విన్నా విసుగు రాదు. ఎందుకని?

దీనికి భౌతికశాస్త్రంలో జవాబుంది, అదీ మన దేశంలో దొరికినదే. తీగను ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు నిశ్చలంగా ఉండవలసిన అనుస్వరాలు వినబడకూడదని పాత సూత్రం. సి.వి. రామన్ 1921లో వీణనూ తంబురనూ పరిశీలించి, ఈ రెండింటిలో ఆ సూత్రం చెల్లడం లేదని చూపాడు. వినబడకూడని అనుస్వరాలు బలంగా వినబడుతున్నాయి. కారణం వంపు తిరిగిన వెడల్పాటి బ్రిడ్జి. తంబురలో దాని మీద తీగ కింద దూర్చే నూలుపోగు కూడా. ఆ పోగును మనవాళ్లు ‘జీవ’ అంటారు. ఆ పేరు పెట్టినవాడికి అనుస్వరాల లెక్క తెలియకపోవచ్చు గాని విషయం తెలుసు.

దీన్ని మీరే చేసి చూడవచ్చు. ఆ రోజుల్లో గది నిండా పట్టిన యంత్రం పనిని ఇప్పుడు ‘ప్యూర్ డేటా’ వంటి ఉచిత కంప్యూటర్ ప్రోగ్రామ్‌లు చేస్తాయి. 100 హెర్ట్జ్‌ల రంపపుపళ్ల తరంగం ఒకటి తీసుకోండి. దానిలో 100, 200, 300 ఇలా అన్ని అనుస్వరాలూ ఉంటాయి. రెండోదాని కంపన పరిమితి మొదటిదానిలో సగం, మూడోది మూడో వంతు. వింటే మొరటుగా, చచ్చిన శబ్దంలా ఉంటుంది. ఇప్పుడు దాని పక్కన 100.5 హెర్ట్జ్‌ల రెండో తరంగం చేర్చండి. మూల స్వరాల మధ్య రెండు సెకన్లకు ఒక విస్పందనం వస్తుంది. రెండో అనుస్వరాలు 200, 201 గనుక సెకనుకు ఒకటి. మూడోవి సెకనుకు ఒకటిన్నర. ఒక్కో అనుస్వరం ఒక్కో వేగంతో ఉబికి తగ్గుతుంటుంది. ఇంతవరకూ చచ్చినట్టున్న శబ్దం లోపల ఏదో కదులుతున్నట్టు వినబడుతుంది. తంబుర మధ్య తీగలు రెండూ ఒకే షడ్జానికి కలిపినా వెంట్రుకవాసి తేడా ఎందుకు బాగుంటుందో అప్పుడు చెవికి అర్థమవుతుంది. ఇక పైనుంచి ఫిల్టర్‌ను మెల్లగా దించండి. 400 దగ్గరకు వచ్చేసరికి మిగిలేవి నాలుగే అనుస్వరాలు. అంతకు పైవి నీరసించిపోతాయి.

నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు మా ప్రయోగశాలలో శ్రవ్య ఆసిలేటర్లు రెండు ఉండేవి. వాటితో తెర మీద బొమ్మలు గీసి, గ్రాఫు కాగితం నింపి మార్కులు తెచ్చుకున్నాం. ఒక స్పీకరు తగిలించి విందామని అడిగితే సిలబస్‌లో లేదన్నారు. ధ్వని ప్రయోగాన్ని రెండేళ్లు నిశ్శబ్దంగా చేశాం.

ఈ టేపులు వింటుంటే మనసును పట్టి పీడించే ప్రశ్న 1972 తర్వాతి మౌనం. ఇదే కాలంలో ఇంకో విశ్వవిద్యాలయంలో ఏం జరిగిందో పక్కన పెట్టి చూడండి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ అనే సంగీత విద్యార్థి, కంప్యూటర్ వాద్యంగా పనికొస్తుందని మాక్స్ మాథ్యూస్ 1963లో ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసం చదివాడు. గణితం అంతగా రానివాడు. 1967లో ఒక స్వరాన్ని వణికిస్తూ, ఆ వణుకు వేగాన్ని పెంచుకుంటూ పోయాడు. ఒక హద్దు దాటేసరికి వణుకు మాయమై శబ్దం గుణమే మారిపోయింది. ముందు చెవికి దొరికింది, లెక్క తర్వాత వచ్చింది. 1973లో ఆయన దాన్ని వివరంగా ప్రచురించాడు. యమహా సంస్థ హక్కులు తీసుకుని 1983లో డిఎక్స్-7 వాద్యాన్ని తెచ్చింది. అక్కడా అంతా సజావుగా సాగలేదు. ఆయనకు మధ్యలో ఉద్యోగం పోయి మళ్లీ వచ్చింది. అయినా పని ఆగలేదు, ఎందుకంటే అది కాగితం మీద ఉంది, దాన్ని చదివి ముందుకు తీసుకుపోయే విద్యార్థులు ఉన్నారు.

అహ్మదాబాదులో ప్రతిభకు లోటు లేదు, ఈ సంకలనమే సాక్ష్యం. సంగీతానికి పట్టా ఇచ్చే శాఖ అక్కడ లేదు. పైగా ఆ యంత్రానికి జ్ఞాపకశక్తి లేదు: తీగలు పీకేస్తే ఆ శబ్దం ఇక లేదు. ఏ తీగ ఎక్కడ గుచ్చారో, ఏ మీట ఎంత తిప్పారో ఎవరైనా రాసి, ఇంకొకరు చదివి, మూడోవారు సరిదిద్ది ఉంటే, మాథుర్ అడిగిన ప్రశ్నకు ఈపాటికి పది జవాబులు వచ్చి ఉండేవి. విశ్వవిద్యాలయం వల్ల కలిగే లాభం ఖరీదైన యంత్రం కాదు, ఈ రాయడం చదవడమే. ఈ రోజున పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో గాని, కలకత్తాలోని సత్యజిత్ రాయ్ సంస్థలో గాని శబ్ద విభాగంలో చేరదలచినవారు అడగవలసింది ఎన్ని లక్షల పరికరాలున్నాయని కాదు. పోయిన సంవత్సరం విద్యార్థులు చేసినవి ఎక్కడ దాచారు, వినిపిస్తారా అని.

సంకలనాన్ని మొదటినుంచి చివరిదాకా ఏకబిగిన వినకండి, చెవి మొద్దుబారుతుంది. చివర చేర్చిన ట్యూడర్ స్వంత ప్రయోగాలు నాకు కొరుకుడు పడలేదు, మీకు పడవచ్చు. ‘వన్స్ ఐ ప్లేయ్డ్ ఎ తాన్‌పురా’తో మొదలుపెట్టి, ఆపి, ఇంట్లో గాని పక్క వీధిలో గాని నిజమైన తంబుర ఉంటే పది నిమిషాలు దాని దగ్గర కూర్చుని, తర్వాత ‘డాన్స్ మ్యూజిక్’ పెట్టుకోండి. మధ్యలో పెన్సిలు, కాగితం దగ్గర ఉంచుకోండి.