దర్గాకీ బాంబుకీ మధ్య ఒక పాట

హిందీ పాటల్లో మేం రెండే చోట్ల కనిపిస్తాం. ఒకటి దర్గా, రెండోది బాంబు. దర్గా అయితే ఖవ్వాలీ, చప్పట్లు, ఆకుపచ్చ చాదర్. బాంబయితే పోలీసు జీపు, వెనకాల అజాన్. ఈ రెండిటి మధ్యా బతుకంతా ఉంది. రేషన్ క్యూలో నిలబడే ముస్లిం, ఆటోనగర్ షెడ్డులో వెల్డింగ్ చేసే ముస్లిం, రేపటి పని మీద బెంగతో నిద్ర పట్టని ముస్లిం మాత్రం పాటకి పనికిరాడు. ‘ఇండియన్ ఓషన్’ రాక్ బృందం 2010లో తెచ్చిన ‘16/330 ఖజూర్ రోడ్’ ఆల్బం గురించి గాజువాకలో కూర్చుని మాట్లాడవలసిన అవసరం ఇక్కడే వస్తోంది.

ముందు బృందం సంగతి. 1990లో ఢిల్లీలో మొదలైంది. సుస్మిత్ సేన్ గిటార్, అషీమ్ చక్రవర్తి తబలా, గాత్రం. తర్వాత రాహుల్ రామ్ బేస్ గిటార్‌తో, అమిత్ కిలమ్ డ్రమ్స్‌తో చేరారు. వీధి నాటకం ఆడుతుండగా 1989 జనవరి 1న దాడికి గురై మర్నాడు కన్నుమూసిన సఫ్దర్ హష్మీ స్మృతిలో సహమత్ జరిపిన ఆరుబయలు కచేరీలోనే వీళ్ల ‘డెజర్ట్ రెయిన్’ (1997) రికార్డయింది. రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో తిరిగిన మనిషి. 2000లో వచ్చిన ‘కందీసా’లో నర్మద మీద ‘మా రేవా’ ఉంది. ఆల్బంకి పేరిచ్చిన పాట సిరియన్ క్రైస్తవుల అరమాయిక్ ప్రార్థన. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చి నిర్వాసితులైన ఊళ్ల పక్కన బతికే మనకి నర్మద గోడు వేరే ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు.

2003లో ‘ఝీనీ’ వచ్చింది. కబీర్ నేసిన సన్నని దుప్పటి పాట అది. గొప్పగా పాడారు. కానీ కబీర్ పేరెత్తగానే మన లౌకిక మిత్రులు మతాలకి అతీతుడంటూ కళ్లు మూసుకుంటారు. అతను జులాహా అన్న సంగతి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడన్న సంగతి ఆ పారవశ్యంలో కొట్టుకుపోతుంది. బుర్రకథ నాజర్‌కి మనం చేసిందీ అదే. పొన్నెకల్లులో పుట్టి ప్రజానాట్యమండలి గొంతై ఊరూరా తిరిగిన ఆ షేక్ నాజర్‌ని అందరి మనిషి అన్నాం, 1986లో పద్మశ్రీ ఇచ్చాం. ఆయన ఆత్మకథ పేరేమో ‘పింజారి’! దూది ఏకే కులాన్ని పుస్తకం అట్ట మీదే పెట్టాడు. దుప్పటిని మెచ్చుకునేవాళ్లు నేసిన చేతిని కూడా చూడాలి కదా.

ఆ తర్వాత ‘బ్లాక్ ఫ్రైడే’ సినిమా. 1993 ముంబై పేలుళ్ల కథ. కోర్టు అడ్డంకులు దాటి 2007లో విడుదలైంది. పీయూష్ మిశ్రా రాసిన ‘బందే’ పాటతో ఈ బృందం పేరు దేశమంతా తెలిసింది. హింస మీద నిజమైన దుఃఖం ఉన్న పాట. పేలుళ్లకి ముందు జరిగిన మారణకాండని సినిమా మర్చిపోలేదు కూడా. అయితే సినిమాని వదిలి పాట ఒక్కటే బయటికి నడిచినప్పుడు, వినేవాడికి గుర్తుండేది పేలుడే. మేం మళ్లీ బాంబు పక్కనే నిలబడ్డాం.

2009 డిసెంబర్ 25న అషీమ్ గుండె ఆగిపోయింది. బృందం పని అయిపోయిందనుకున్నారు. మరుసటి ఏడాది, అతను పాడి ఉంచిన పాటలతోనే ‘16/330 ఖజూర్ రోడ్’ వచ్చింది. అది కరోల్ బాగ్‌లో వాళ్లు సాధన చేసుకున్న పాత బంగళా చిరునామా. నెలకో పాట చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చారు. దుకాణానికి వెళ్లి సీడీ కొనలేని కుర్రాడికీ పాట అందే మార్గం అది.

ఇందులో ‘డర్తే హో’ ఉంది. నూన్ మీమ్ రాషిద్ కవిత. ఉర్దూ గజల్ గొలుసు తెంచుకుని వచన కవిత్వం వైపు నడిచినప్పుడు ముందు వరసలో ఉన్నవాడు రాషిద్. ఈ పాట అదే ఏడాది ‘పీప్లీ లైవ్’ సినిమాలో, రైతు ఆత్మహత్యల కథలో కూడా వినిపించింది. ఇందులో పీర్ లేడు, మజార్ లేదు, ప్రియురాలి మేలిముసుగూ లేదు. భయపడే మనిషిని నిలదీసే మరో మనిషి ఉన్నాడు. ఉర్దూ ఇక్కడ అత్తరు వాసన కోసం చల్లింది కాదు, ఆలోచించడానికి వాడిన భాష. బృందం తిరిగి తన దారికి వచ్చిందని నేననేది అందుకే.

లోపాలు లేవా? ఉన్నాయి. మెల్లగా మొదలై, ఒకే పదాన్ని తిప్పి తిప్పి ఉద్ధృతికి చేర్చే పద్ధతి చాలా పాటల్లో ముందే తెలిసిపోతుంది. కొన్నిచోట్ల వాద్యాలు మాటల్ని మింగేస్తాయి. రాషిద్ లాంటి కవి దగ్గర అది చిన్న నష్టం కాదు. 2013లో సుస్మిత్ సేన్ విడిపోయాడు. 2014లో ‘తందాను’, 2023లో ‘తూ హై’ వచ్చాయి. బృందం సాగుతూనే ఉంది. అషీమ్ గొంతుకున్న బరువు మాత్రం ఖజూర్ రోడ్‌లోనే ఉండిపోయింది.

ఇక మన సంగతి. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ (1991) నాటి నుంచి తెలుగులో ముస్లిం కవిత్వం తన నోటితో తాను మాట్లాడుతోంది. దర్గాకీ బాంబుకీ మధ్య ఉన్న బతుకంతా అందులో ఉంది. గిటార్ పట్టుకున్న తెలుగు కుర్రాళ్లు ఆ పుస్తకాలు తెరవాలి. రాషిద్‌ని పాడటానికి ఢిల్లీ వాళ్లు ఉన్నారు. మనల్ని పాడవలసింది ఇక్కడివాళ్లే, ఆ పాడేవాళ్లలో మన పిల్లలూ ఉండాలి.